పది లక్షల తొమ్మిది ప్రధాన సంఖ్యేనా? ఒక విద్యార్థిని అభ్యాసంపై కేస్ స్టడీ

నేపథ్యం

హైదరాబాద్‌లో ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలకు నేను సంఖ్యావాదం బోధిస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది అప్పటికే ఏదో ఒక ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో చదువుతున్నవారే. కొద్దిమంది మాత్రం గణిత ఒలింపియాడ్ తొలిదశ పరీక్ష రాయాలన్న కోరికతో వస్తారు. ఇక్కడ నమోదు చేస్తున్నది ఆ రెండో కోవకు చెందిన ఒక తొమ్మిదో తరగతి విద్యార్థిని కేసు. ఆమె, ఆమె తల్లిదండ్రులు అనుమతించారు. పేరు, బడి, ఉండే ప్రాంతం వంటి వివరాలను విడిచిపెట్టాను. సంఖ్యలను, లెక్కలను, వాటి వెనుక ఉన్న తర్కాన్ని మాత్రం జరిగినవి జరిగినట్టుగానే ఇస్తున్నాను, ఎందుకంటే తోటి ఉపాధ్యాయులకు పనికొచ్చేది అదే.

ఆమె లెక్కలో చురుకైనది. 100 లోపు ప్రధాన సంఖ్యలు, 50 వరకు వర్గాలు కంఠతా వచ్చు. భాజనీయతా సూత్రాలను తడుముకోకుండా వాడుతుంది. పరీక్షల్లో మార్కులకు కొదవ లేదు. తల్లిదండ్రులు చెప్పిన ఇబ్బంది ఒక్కటే: రుజువు అడిగే ప్రశ్న ఎదురైతే ఖాళీ కాగితం ఇచ్చి వస్తోంది.

ఎదురైన సమస్య

మొదట 221, 323, 2021, 8051 అనే నాలుగు సంఖ్యలు ఇచ్చి, వీటిలో ప్రధాన సంఖ్యలు ఏవో చెప్పమన్నాను. 221 పదమూడుతో పోతుందని వెంటనే పట్టుకుంది. మిగిలిన మూడూ ప్రధాన సంఖ్యలే అంది. ఎలా తెలిసిందని అడిగితే, ‘‘దేనితోనూ పోవట్లేదు సార్’’ అని జవాబిచ్చింది. వేటితో భాగించి చూశావమ్మా అంటే 2, 3, 5, 7, 11, 13 అని వరుసగా చెప్పింది. నిజానికి ఆ మూడూ సంయుక్త సంఖ్యలే: 323 అంటే 17 × 19, 2021 అంటే 43 × 47, 8051 అంటే 83 × 97.

దీన్ని అజాగ్రత్త అనుకుంటే చికిత్స సులువు, ఇంకాస్త ఓపికగా చూడమని చెబితే సరిపోతుంది. కానీ ఆమె అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచిస్తే అది అజాగ్రత్త కాదనిపించింది. 13 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలు వేటితోనూ పోని సంఖ్య 289 కంటే చిన్నదైతే అది తప్పనిసరిగా ప్రధాన సంఖ్యే, ఎందుకంటే అలా మిగిలే మొదటి సంయుక్త సంఖ్య 17 × 17. నాలుగు ఆప్షన్లు ఇచ్చి, నిమిషంలో జవాబు గుర్తించమనే పరీక్షల్లో వచ్చే సంఖ్యలు చాలావరకు అంతలోపే ఉంటాయి. అంటే కొన్నేళ్లుగా ఆమె పద్ధతి ప్రతిసారీ సరైన జవాబే ఇచ్చింది. ప్రతిసారీ నెగ్గిన పద్ధతిని అనుమానించమంటే ఏ పిల్లలైనా ఎందుకు అనుమానిస్తారు?

ఇంకో విషయం కూడా గమనించాను. వర్గమూలం వరకు భాగించి చూడాలన్న నియమం ఆమెకు తెలుసు, అడగ్గానే అప్పజెప్పింది. కానీ ఎందుకు అంతవరకే అంటే ‘‘రూల్ అంతే కదా సార్’’ అంది. కారణం తెలియని నియమం కాబట్టి, తొందరలో అది జారిపోతోంది. నా నిర్ధారణ ఇది: భాజకం దొరకకపోవడం మన వెతుకులాట గురించిన వార్త, భాజకమే లేకపోవడం ఆ సంఖ్య గురించిన వార్త. ఈ రెండింటినీ ఆమె ఒకటిగా చూస్తోంది. జేబులు మాత్రమే తడిమి తాళంచెవి ఇంట్లోనే లేదని తేల్చడం లాంటిది ఇది. రుజువు రాయమన్నప్పుడు చేయి ఆగిపోవడానికీ మూలం ఇదేనని భావించాను.

మొదటి అడుగు, దాని ఫలితం

వర్గమూలం నియమానికి కారణాన్ని ఆమె చేతనే చెప్పించాలని 8051తో మొదలుపెట్టాం. 8051 వర్గమూలం 90కి కొంచెం తక్కువ. రెండు కారణాంకాలూ 90 లేదా అంతకంటే పెద్దవైతే లబ్ధం కనీసం 8100 అవుతుంది కాబట్టి, ఒకటైనా 90 లోపు ఉండి తీరాలని ఆమే చెప్పింది. ఆ తర్వాత 17 నుంచి వరుసగా భాగిస్తూ 83 దగ్గర పట్టుకుంది. అప్పుడు అదే సంఖ్యను 8100 − 49గా, అంటే 90² − 7²గా చూపించాను. (90 − 7)(90 + 7) అని రాయగానే 83, 97 రెండూ ఒకేసారి బయటపడ్డాయి. ఆ సంతోషం ఆమె ముఖంలో కనిపించింది. సంఖ్యను భాగించడమే కాదు, మరో రూపంలో రాసి చూడవచ్చన్న ఎరుక కలగడం కోసమే ఆ పద్ధతి చూపాను. వర్గాల భేదంతో కారణాంకాలు వెతికే ఈ మార్గం పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మాది.

ఇక ఒక పెద్ద సంఖ్య కావాలి. నేను ఎంచుకున్నది 10,00,009. ఎంపికకు కారణాలు ఉన్నాయి. ఆమెకు కంఠతా వచ్చిన 25 ప్రధాన సంఖ్యల్లో ఏదీ దాన్ని భాగించదు, కాబట్టి పాత అలవాటు అక్కడ జవాబు ఇవ్వలేదు. దాని వర్గమూలం 1000 కంటే లేశమాత్రం ఎక్కువ కాబట్టి ఎక్కడివరకు వెతకాలన్నది స్పష్టం. చేత్తో చేయలేనంత పెద్దదీ కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, దాని అంకెల్లోనే ఒక రూపం దాగి ఉంది, కానీ అది వర్గాల భేదం కాదు.

ఆమె ముందుగా 97 వరకు భాగించింది. ఏదీ పోలేదు. తర్వాత ఇష్టమైన కొత్త పద్ధతికి మారింది: 1001² నుంచి 10,00,009 తీసేస్తే 1992, వర్గం కాదు. 1002²తో 3995, 1003²తో 6000, 1004²తో 8007, 1005²తో 10016, వీటిలో ఏదీ వర్గం కాదు. ఇంకొంత దూరం వెళ్లి ఆగిపోయి, ప్రధాన సంఖ్యే అయి ఉంటుందని రాసింది.

పద్ధతి మారింది కానీ తర్కం మారలేదు. ఇక్కడ నేను జవాబు చెప్పలేదు. ఈ పద్ధతితోనే ఒక సంఖ్య ప్రధానమని తేల్చాలంటే ఎంతదూరం వెళ్లాలో లెక్కగట్టమన్నాను. ప్రధాన సంఖ్యకు ఉన్న ఏకైక లబ్ధరూపం 1తో గుణించినది కాబట్టి, మరే సమాచారమూ లేకపోతే రెండిటి సగటు దాకా, అంటే 5,00,005 దాకా పోవాలని ఆమెకు అర్థమైంది. కారణాంకాలు వర్గమూలానికి ఇరువైపులా దగ్గరగా ఉంటేనే వర్గాల భేదం త్వరగా దొరుకుతుంది, 8051కి దొరికింది అందుకే. ఈ సంఖ్యకు అది మొదటిసారి దొరికేది 1853² − 1560² దగ్గర, అంటే 853వ మెట్టు మీద. ఈ సంగతి ఆమెకు చాలా తర్వాత, తానే లెక్కించినప్పుడు తెలిసింది.

రెండు దారులు వదులుకోవడం

ఈ దశలో నా ముందు రెండు సులువైన దారులు ఉన్నాయి. మొదటిది, 101 నుంచి భాగహారం కొనసాగించమనడం. 1000 లోపు ప్రధాన సంఖ్యలు 168. ఆమె 25 చూసింది, ఇంకా 143 మిగిలాయి. ఓపిక పడితే జవాబు తప్పక వస్తుంది, గణితపరంగా అందులో లోపం లేదు. అయినా వద్దనుకున్నాను. భాగించుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట శేషం సున్నా వస్తుంది, దొరికింది కాబట్టి దొరికిందన్న అనుభవమే మిగులుతుంది. ఆమెకు కావలసింది దొరకకపోయినా మాట్లాడగల తర్కం.

రెండో దారి ఆమే అడిగింది: ‘‘ఫోన్‌లో చూసేయనా సార్?’’ నేను వద్దనలేదు, ఎదురుప్రశ్న వేశాను. ఫోన్ ఇది సంయుక్త సంఖ్య అని రెండు కారణాంకాలు చూపిస్తే నువ్వు ఎలా సరిచూస్తావు? గుణించి చూస్తానంది. మరి ప్రధాన సంఖ్య అని చెబితే? చాలాసేపు ఆలోచించి, సరిచూడటానికి ఏమీ ఉండదంది. నా దృష్టిలో ఈ కేసు అసలు మలుపు ఇదే. సంయుక్తం అనే మాటకు సాక్ష్యం చేతికి అందే రెండు సంఖ్యలు. ప్రధానం అనే మాటకు సాక్ష్యం ఒక వాదన మాత్రమే, ఆ వాదన ఎవరో ఒకరు పూర్తిగా కట్టాలి. ఆ తేడాను ఆమె సొంతంగా పలికిన తర్వాత ఫోన్ గురించి మళ్లీ అడగలేదు. గుణకారాలకు మాత్రం క్యాలిక్యులేటర్ వాడుకోమన్నాను, ఎందుకంటే ఇక్కడ నేర్వవలసింది గుణకారం కాదు.

పని చేసిన మార్గం

ఆ సంఖ్యను భాగించకుండా మరో రూపంలో రాయమన్నాను. పది లక్షలకు తొమ్మిది కలిపితే వచ్చేది కాబట్టి 1000² + 3² అని క్షణంలో రాసింది. రెండు వర్గాల మొత్తం అన్నమాట. అప్పుడు చిన్న సంఖ్యల పట్టిక వేయించాను. 5, 13, 17, 29, 37, 41 రెండు వర్గాల మొత్తాలు అవుతున్నాయి, ఒక్కోటి ఒకే రకంగా. 3, 7, 11, 19, 23 అసలు కావడం లేదు. 4తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రతి ప్రధాన సంఖ్యా ఒకే ఒక్క రకంగా రెండు వర్గాల మొత్తం అవుతుందని 1640లో ఫెర్మా ఒక లేఖలో ప్రకటించగా, తర్వాతి శతాబ్దంలో స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ రుజువు చేశాడు. ఈ మాట నేను వెంటనే చెప్పలేదు. పట్టికను కొనసాగనిచ్చాను. 65 దగ్గర ఆమె ఆగింది: 8² + 1² కూడా, 7² + 4² కూడా. 85 కూడా రెండు రకాలు. 221 ఎలా ఉంటుందో చూడమన్నాను, ఎందుకంటే దాని కారణాంకాలు ఆమెకు ముందే తెలుసు: 14² + 5², 11² + 10². ‘‘రెండు రకాలుగా వస్తే సంయుక్తం అనొచ్చా సార్?’’ అని ఆమే ఊహ చేసింది.

ఊహ ఆమెదైనప్పుడు రుజువు వినడానికి ఓపిక ఉంటుంది కాబట్టి, అప్పుడు రుజువు చెప్పాను. ఒక సంఖ్య అ² + ఇ²గానూ, క² + గ²గానూ రాయగలిగితే, అగ (అ × గ), ఇక (ఇ × క) అనే రెండు లబ్ధాలు తీసుకోవాలి. వాటి వర్గాల భేదం సరిగ్గా మన సంఖ్యను (గ² − ఇ²)తో గుణించినంత వస్తుంది. అంటే (అగ − ఇక), (అగ + ఇక) రెండింటి లబ్ధాన్ని మన సంఖ్య నిశ్శేషంగా భాగిస్తుంది. మన సంఖ్య ప్రధానమైతే ఆ రెండింటిలో ఒకదాన్నైనా భాగించి తీరాలి. రెండూ సున్నా కాకుండా, మన సంఖ్య కంటే చిన్నవిగా ఉంటే అది అసాధ్యం.

ఇక రెండో రూపాన్ని వెతకాలి. 1 నుంచి 999 వరకు ప్రతి సంఖ్య వర్గాన్నీ తీసేసి చూడటం మళ్లీ పాత గుడ్డి వెతుకులాటే అవుతుంది. కాబట్టి వెతకడానికి ముందే ఎన్నింటిని కొట్టివేయగలమో చూడమన్నాను. 10,00,009ని 5తో భాగిస్తే శేషం 4. వర్గాలను 5తో భాగిస్తే వచ్చే శేషాలు 0, 1, 4 మాత్రమే. ఈ మూడింటిలో రెండింటిని కలిపి 4 శేషం తేవాలంటే 0, 4 తప్ప దారి లేదు. అంటే రెండు సంఖ్యల్లో ఒకటి 5 గుణిజం. దాని వర్గం 25తో పోతుంది కాబట్టి, రెండోదాని వర్గాన్ని 25తో భాగిస్తే 9 మిగలాలి. అప్పుడు రెండోది 25 గుణిజానికి 3 ఎక్కువో, 3 తక్కువో అయి ఉండాలి. వెయ్యి లోపు 22, 28, 47, 53 ఇలా సాగి 997తో ముగిసే ఆ వరుసలో ఉన్నవి 79 మాత్రమే. పైగా రెండో సంఖ్యను 25మ ± 3 అని రాస్తే, దాని వర్గాన్ని మన సంఖ్యలోంచి తీసేసి 25తో భాగించాక పరీక్షించవలసిన విలువ 40000 − 25మ² ∓ 6మ అనే చిన్న లెక్కకు దిగుతుంది. అది పరిపూర్ణ వర్గం అయితే పని అయినట్టే.

ఇంకో జల్లెడ ఆమె సొంతంగా పట్టింది. సంఖ్యను 8తో భాగిస్తే శేషం 1. బేసి సంఖ్య వర్గం ఎప్పుడూ 8తో 1 శేషమే ఇస్తుంది కాబట్టి, సరి సంఖ్య వర్గం 8తో నిశ్శేషంగా పోవాలి, అంటే ఆ సరి సంఖ్య 4 గుణిజం కావాలి. ఈ షరతును రెండు వైపులా అమలు చేస్తే 79 కాస్తా 39 అయ్యాయి. ఒక్క భాగహారమూ చేయకుండా వెతకవలసిన చోటు ఇంతగా కుదించగలిగినందుకు ఆమెకు కలిగిన నమ్మకం, జవాబు దొరికినప్పటి ఆనందం కంటే విలువైనదని నేను అనుకుంటాను.

వెతుకులాట చిన్న సంఖ్యలనుంచి మొదలుపెట్టింది. 28కి 39969, 53కి 39888, 72కి 39793, ఏవీ వర్గాలు కావు. నేను జోక్యం చేసుకోలేదు. కొంతసేపటికి ఆమే పెన్ను ఆపి, ‘‘నలభై వేల దగ్గర వర్గాలు దూరదూరంగా ఉంటాయి కదా సార్, చిన్న సంఖ్యల్లో దగ్గరదగ్గరగా ఉంటాయి, పైనుంచి మొదలుపెడితే?’’ అంది. 199² 39601, 200² 40000, మధ్యలో 398 సంఖ్యల ఖాళీ. వరుస చివరనుంచి వస్తే పరీక్షించే విలువలు చిన్నవవుతాయి, వర్గం తగిలే అవకాశం పెరుగుతుంది. 997కి 240 వచ్చింది, వర్గం కాదు. తర్వాతిది 972. మ విలువ 39, లెక్క 40000 − 38025 + 234, వచ్చింది 2209. అది 47². 5 × 47 అంటే 235.

972² + 235² = 9,44,784 + 55,225 = 10,00,009.

కిందినుంచి వచ్చి ఉంటే 39లో అది 38వది. పైనుంచి రెండోది.

ఇప్పుడు రుజువులోని రెండు సంఖ్యలు కట్టాం. 1000 × 235 అంటే 2,35,000. 3 × 972 అంటే 2,916. భేదం 2,32,084, మొత్తం 2,37,916. రెండూ పది లక్షల లోపే. ఆమె ఇక్కడ ఆగి, ‘‘అంటే కారణాంకాలు ఇంకా తెలియకపోయినా ఇది ప్రధాన సంఖ్య కాదని చెప్పేయొచ్చా?’’ అని అడిగింది. చెప్పవచ్చు. ఈ ప్రశ్న కోసమే నేను ఆ రుజువును ఎంచుకున్నాను. 2⁶⁷ − 1 అనే సంఖ్య సంయుక్తమని 1876లో ఫ్రెంచి గణితజ్ఞుడు లూకా కారణాంకాలు చూపకుండానే తేల్చాడనీ, 1903లో అమెరికన్ గణితజ్ఞుడు కోల్ వాటిని 19,37,07,721 × 7,61,83,82,57,287గా కనుగొన్నాడనీ అప్పుడే చెప్పాను. ఆ మధ్యకాలంలో ఆ సంఖ్య గురించి గణితజ్ఞులకు ఉన్న స్థితిలోనే ఆ క్షణంలో ఆమె ఉందని అర్థమయ్యాక, గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) కట్టి కారణాంకాలు రాబట్టడానికి తొందరపడలేదు. ఆ తర్వాతే 10,00,009కీ 2,32,084కీ భాగహార పద్ధతిలో గ.సా.భా. కట్టింది: శేషాలు 71,673, 17,065, 3,413, ఆపై సున్నా. 2,37,916తో కడితే 293.

293 × 3413 = 10,00,009.

చివరగా, ఈ రెండు రూపాలు ఎక్కడినుంచి వచ్చాయో చూపించాను. 293 అంటే 2² + 17², 3413 అంటే 7² + 58². రెండు వర్గాల మొత్తాలను గుణిస్తే మళ్లీ రెండు వర్గాల మొత్తమే, అదీ రెండు రకాలుగా వస్తుంది. 628లో రచించిన బ్రహ్మస్ఫుట సిద్ధాంతంలో బ్రహ్మగుప్తుడు ఇచ్చిన సూత్రంలో ఇది ఒక ప్రత్యేక సందర్భం. 2 × 7, 17 × 58 లబ్ధాలను కలిపితే 1000, తీసేస్తే 972. 2 × 58, 17 × 7 కలిపితే 235, తీసేస్తే 3. నాలుగు సంఖ్యలూ వచ్చి కూర్చున్నాయి. ఇదంతా అయ్యాకే, ఆయిలర్ అంతటివాడు కూడా మొదట తన పెద్ద ప్రధాన సంఖ్యల పట్టికలో 10,00,009ని చేర్చాడనీ, తర్వాత ఈ రెండు వర్గాల మార్గంలోనే అది సంయుక్తమని చూపాడనీ, ఆ వ్యాసం ఆయన మరణించాక 1797లో అచ్చయిందనీ చెప్పాను. ముందే చెప్పి ఉంటే అది కథగా మిగిలేది. లెక్క చేసిన తర్వాత చెప్పడంతో ఆయన దారిని ఆమె తన దారిగా గుర్తుపట్టింది.

నేర్చుకున్నది నిలిచిందా

ఒక సంఖ్య మీద పనిచేసిన తర్కం ఇంకోదాని మీద నిలుస్తుందో లేదో చూడకపోతే కేసు పూర్తికాదు. కాబట్టి కావాలనే అదే పోలిక ఉన్న 10,009 ఇచ్చాను. 100² + 3². ఇదీ సంయుక్తమే అని ఆమె అనేస్తే, ఒక కొత్త అలవాటు మాత్రమే పుట్టిందని తెలుస్తుంది. ఆమె అనలేదు. అదే 25 వరుస వేసుకుంది: 22, 28, 47, 53, 72, 78, 97. విలువలు వరుసగా 381, 369, 312, 288, 193, 157, 24. ఒక్కటీ వర్గం కాదు. రెండో రూపం లేదు, ఆ మాట ఈసారి పూర్తి వెతుకులాట తర్వాత అన్నది. రూపం ఒక్కటే అయి, ఆ రెండు సంఖ్యలకూ సామాన్య కారణాంకం లేకపోతే ఆ బేసి సంఖ్య ప్రధానమవుతుందన్న సిద్ధాంతాన్ని రుజువు లేకుండా ఇస్తున్నానని స్పష్టంగా చెప్పే ఇచ్చాను, ఎందుకంటే ఆ రుజువు అప్పటి ఆమె సాధనకు మించినది. అరువు తెచ్చుకున్న మాటను అరువుగా గుర్తించడం కూడా ఈ శిక్షణలో భాగమే. ఆమె దానిమీదే ఆధారపడకుండా, 97 వరకు ఉన్న 25 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి సరిచూసింది. సామాన్య కారణాంకం ఉండకూడదన్న షరతు ఎందుకని తర్కించి, 45ను పట్టుకొచ్చింది: 6² + 3² తప్ప మరో రూపం లేదు, అయినా సంయుక్తమే.

తర్వాత 10,00,003 ఇచ్చాను. 4తో భాగిస్తే శేషం 3. వర్గాలను 4తో భాగిస్తే శేషం 0 లేదా 1 మాత్రమే వస్తుంది కాబట్టి ఇది రెండు వర్గాల మొత్తం కానే కాదు, మన మార్గం ఇక్కడ ఏమీ చెప్పదు అని రాసి, గుణిజాలను కొట్టివేసుకుంటూ పోయే ఎరటోస్తనీస్ జల్లెడతో 1000 లోపు 168 ప్రధాన సంఖ్యలూ తీసుకుని ఒక్కోదానితో భాగించడానికి కూర్చుంది. 997 దాకా వెళ్లాకే ప్రధాన సంఖ్య అని రాసింది. మొదట నేను వద్దనుకున్న దీర్ఘ భాగహారమే ఇక్కడ సరైన దారి, ఎందుకంటే ఇప్పుడు ఎక్కడ ఆగాలో, అక్కడే ఎందుకు ఆగాలో ఆమెకు తెలుసు.

తోటి ఉపాధ్యాయుల కోసం

సంఖ్య ఎంపికే ఈ కేసులో సగం పని. పిల్లల పాత పద్ధతి ఎక్కడ సరిపోతుందో ముందు లెక్కగట్టాలి, ఆ హద్దుకు అవతల ఉన్న సంఖ్యను ఇవ్వాలి. హద్దు లోపలి సంఖ్యలతో ఎంత సాధన చేయించినా ఆ పద్ధతిలోని లోపం బయటపడదు. 8051 లాంటి చక్కని ఉదాహరణకు ఒక ప్రమాదం ఉంది: వెంటనే ఫలించే పద్ధతిని పిల్లలు అన్నిచోట్లా ఫలించేదిగా తీసుకుంటారు. అందుకే దాని వెంటనే అది ఫలించని సంఖ్య ఒకటి ఉండాలి. విఫలమైనప్పుడు ‘ఇంకా ఎంతదూరం వెళ్తే తేలుతుంది’ అన్న ప్రశ్న వేయడం, ‘ఇంకా వెతుకు’ అనడం కంటే ఎన్నో రెట్లు మేలు.

ఈ విద్యార్థినికి వర్గాలు నోటికి రావడం, గుణకారంలో తడబాటు లేకపోవడం ఎంతో తోడ్పడ్డాయి. ఆ రెండూ లేని పిల్లలతో పది లక్షల తొమ్మిది తలకు మించిన బరువవుతుంది. అలాంటివారికి నేను ఇప్పుడు 1,073తో మొదలుపెడుతున్నాను. అది 32² + 7², 28² + 17² కూడా. 32 × 17 అంటే 544, 7 × 28 అంటే 196. భేదం 348, మొత్తం 740. 1,073తో వాటి గ.సా.భా.లు 29, 37. వర్గమూలం 33 లోపే కాబట్టి భాగించి కూడా సరిచూసుకోవచ్చు, 13 దగ్గర ఆగిపోయే అలవాటు ఉంటే అదీ ఇక్కడే బయటపడుతుంది.